తవుడు పాలైన సత్తువ

వడ్లగింజలో ఉన్నది బియ్యపుగింజే అని తెలుగువారు సామెత చెప్పుకుంటారు. లేని గూఢార్థాలు వెదకవద్దు, విషయం ఇంతే సుమా అని దాని భావం. కాని వడ్లగింజకూ తెల్లని బియ్యపుగింజకూ నడుమ పలుచని పొర ఒకటి ఉన్నది. ఊక రాలిన తరువాత గింజను అంటిపెట్టుకొని ఉండే ఆ పొరలో ఏమి దాగి ఉన్నదో తేల్చడానికి ప్రపంచంలోని వైద్యులకూ రసాయన శాస్త్రజ్ఞులకూ ఇంచుమించు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ చరిత్రలో తొలి పుటలు కొన్ని గోదావరి సముద్రంలో కలిసే ఈ సర్కారు తీరానికి చెందినవి.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ కడలి అంచుదాకా పరచుకొన్న కోనసీమను చూచినవారు ఇక్కడ ఆహారలోపమన్నది ఉండగలదంటే నమ్మరు. కొత్తపేట మొదలు అమలాపురం మీదుగా రాజోలు దాకా కాలువగట్ల వెంట కొబ్బరి, అరటి, కంద. వాటి వెనుక కనుచూపు మేర వరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ సీమకు కాలువ నీరు వచ్చింది. వైనతేయపాయ మీద గన్నవరం వద్ద అక్విడక్టు కట్టి ఆ నీటిని ఆవలి గట్టుకు కూడా దాటించారు. అన్నానికి లోటు లేని సీమ ఇది. లోటు అన్నంలోనే ఉండవచ్చునని ఎవరికి తోస్తుంది?

1835లో మద్రాసులో ఒక వైద్యగ్రంథం అచ్చయింది. కంపెనీ ప్రభుత్వపు వైద్యశాఖలో ఉద్యోగి అయిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ బెరిబెరి అనే వ్యాధిని గురించి వ్రాసినది అది. బెరిబెరి అన్నది సింహళ భాషలో అశక్తతను తెలిపే మాట అంటారు. రోగికి మొదట కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొప్పెడతాయి, కూర్చున్నవాడు లేవలేడు. కొందరికి నరాలు చచ్చుబడి కాళ్ళు ఎండిపోతాయి. మరి కొందరికి శరీరమంతా నీరు పట్టి, గుండె అలసి, ఊపిరాడక ప్రాణం పోతుంది. ఈ వ్యాధి ఉత్తర సర్కారులలో విశేషంగా ఉన్నదనీ, తీరం నుంచి లోపలికి పోయిన కొద్దీ తగ్గుతున్నదనీ మాల్కంసన్ గుర్తించారు. గోదావరి మండలమంతా ఆ సర్కారులలోనిదే. అయితే ఆనాటి వైద్యులు వ్యాధి కారణాలను గాలిలో, తేమలో, నేలలో వెదికేవారు. కంచంలో వెదకవచ్చునన్న ఊహ ఇంకా పుట్టలేదు.

ఆ ఊహ పుట్టించినవి కోళ్ళు. జావా ద్వీపంలోని బటేవియాలో 1890 ప్రాంతంలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరికి సూక్ష్మజీవిని వెదుకుతూ ఉండగా, ప్రయోగశాల కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడసాగాయి. కొన్ని నెలల తరువాత వాటంతట అవే కోలుకొన్నాయి. విచారించగా తెలిసినదేమంటే, వాటికి కొంతకాలం సైనికాసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం వేశారట. తరువాత క్రొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నం పరాయి కోళ్ళకు పెట్టడమేమిటని మాన్పించగా, మళ్ళీ పొట్టు తీయని ముతక బియ్యం వేశారట. ఆ వంటవాని పిసినారితనానికి వైద్యశాస్త్రం ఎంతో ఋణపడి ఉన్నది. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానంలో సగం లభించింది. తవుడులో ఉన్న ఆ ప్రాణాధారానికి 1912లో కాసిమిర్ ఫంక్ అనే పోలిష్ శాస్త్రజ్ఞుడు విటమిన్ అన్న పేరు పెట్టాడు. ఇప్పుడు దానిని బి1 అనీ, థయామిన్ అనీ అంటున్నాము.

బి1 చేసే పని ఏమిటి? మనం తిన్న పిండిపదార్థం శరీరంలో శక్తిగా మారడానికి అది తోడుండాలి. పొయ్యి నిండా కట్టెలు పేర్చినా నిప్పు లేనిదే మంట రాదు. అందులోనూ విచిత్రమేమంటే, కట్టెలు ఎక్కువైన కొద్దీ నిప్పూ ఎక్కువే కావాలి. పప్పు, పాలు, కూర తగ్గించి అన్నమే ఎక్కువ తినేవానికి బి1 అవసరం కూడా ఎక్కువ. అన్నం పుష్కలంగా దొరికే సీమలోనే ఈ వ్యాధి పాతుకొని పోవడానికి ఇది ఒక కారణం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలు చాలాకాలం మన దేశంలో ప్రామాణికాలుగా ఉన్నాయి. వాటి ప్రకారం నూరు గ్రాముల దంపుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాముల బి1 ఉంటే, మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యంలో ఉన్నది 0.06 మాత్రమే. నూరు గ్రాముల తవుడులో 2.70. పెద్దవారికి రోజుకు కనీసం ఒక మిల్లీగ్రాముకు పైబడి కావాలి. రోజుకు నాలుగు వందల గ్రాముల తెల్లని బియ్యం తినేవానికి ఆ బియ్యం నుంచి వచ్చేది పావు మిల్లీగ్రాము కూడా కాదు. అదే దంపుడు బియ్యమైతే 0.84. తక్కిన కొరత కాస్త పప్పు, కాస్త కూర తీర్చగలవు. మొదటి లెక్కలో మాత్రం కాస్త పప్పుతో తీరే కొరత కాదు.

పైగా ఈ లెక్క బియ్యం కడగక ముందటిది. మూడు నీళ్ళు పోసి కడిగితేనే బియ్యం శుచి అని మన ఇండ్లలో నమ్మకం. బి1 నీటిలో కరిగే పదార్థం. పలుమార్లు కడగడంలో నూటికి నలభై పాళ్ళ వరకు అది నీళ్ళలోకి దిగిపోగలదు. ఆ కడుగునీళ్ళు కుడితి తొట్టిలోకి పోతాయి. తరువాత ఎసరు ఎక్కువ పెట్టి, ఉడికిన అన్నాన్ని వార్చితే మిగిలినదానిలో కొంత గంజిలోకి పోతుంది. ఆ గంజిని ఉతికిన బట్టలకు పెట్టేవారు. ఇంటి యజమాని పంచెకు వచ్చిన బిరుసు ఆయన మోకాళ్ళకు రాలేదు. తవుడు తిని కుడితి త్రాగిన పాడిగేదె మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. దాని పాలలో కొంత సత్తువ తిరిగి ఇంటికి చేరిందనుకొన్నా, పాడి లేని ఇంటికి ఆ భాగ్యమూ లేదు. గంజిలో ఉప్పు కలుపుకొని త్రాగిన పాలేరు, తరవాణి కుండలో పులిసిన నీటితో చద్దన్నం తిన్న కూలివాడు ఈ ఒక్క విషయంలో యజమాని కంటె అదృష్టవంతులు. అంతమాత్రాన పేదవాని తిండి మేలైనదని కవిత్వం చెప్పనక్కరలేదు. అతనికి పప్పూ, పాలూ అందేవి కావు.

నేరమంతా మరల మీద మోపడం మనకు అలవాటు. అది పూర్తి న్యాయం కాదు. మాల్కంసన్ నాటికి గోదావరి గట్టున ఒక్క బియ్యపు మర కూడా లేదు. బియ్యాన్ని రోటిలోనూ మల్లెపూవు వలె తెల్లబరచవచ్చును. ఒక దంపుకు బదులు మూడు దంపులు వేయించగల ఇంటికి అది సాధ్యమే. తెలుపు అన్నది కలిమికి గుర్తు. ఇరవయ్యవ శతాబ్దిలో మరలు వచ్చి చేసినదేమంటే, కొందరికే దక్కే ఆ తెలుపును అందరికీ చవుకగా పంచిపెట్టడం. ఆడవారి భుజాలకు రోకటి పోటు తప్పిందన్న మేలును కూడా ఇక్కడ మరువరాదు. 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం నెలకొల్పిన గాంధీజీ దంపుడు బియ్యాన్ని పదే పదే బోధించారు. ఆ బోధ సరియైనదే. కాని దంచవలసిన చేతులు ఎవరివో ఆ చేతులను ఎవరూ అడగలేదు.

రోకలి పట్టకుండానే ఈ చిక్కును దాటే ఉపాయం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నది. అది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఊకతోనే ఉడికించి, ఎండబెట్టి ఆడించడం. ఉడికేటప్పుడు పై పొరలోని బి1 గింజలోపలికి ఇంకుతుంది; గింజ గట్టిపడి దానిని పట్టి ఉంచుతుంది. అందువలన మరలో పట్టినా ఉప్పుడు బియ్యంలో 0.21 మిల్లీగ్రాములు నిలుస్తుంది, అంటే దంపుడు బియ్యంతో సమానం. దీనిని కనిపెట్టినవారికి విటమిను సంగతి తెలియదు. గింజ విరగదనీ పురుగు పట్టదనీ చేశారు. అయినా తమిళదేశంలోనూ మలయాళదేశంలోనూ కోట్లాదిమందిని అది కాపాడింది.

ఈ భేదాన్ని శాస్త్రీయంగా తేల్చినది నీలగిరులలోని కూనూరు ప్రయోగశాల. 1918లో రాబర్ట్ మెకారిసన్ అక్కడ ఒక గదిలో బెరిబెరి పరిశోధన ప్రారంభించారు. నేటి జాతీయ పోషకాహార సంస్థకు మూలం ఆ గదియే. అది 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. 1935లో మెకారిసన్ తరువాత వచ్చిన వాలెస్ ఐక్రాయిడ్, తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై ఒక గ్రంథం ప్రకటించారు. మద్రాసు రాజధానిలో బెరిబెరి ఎక్కడ ఉన్నదో చూస్తే, అది మరపట్టిన పచ్చిబియ్యం తినే సర్కారు తీరానికే ఇంచుమించు పరిమితమై ఉన్నది. అంతకంటె బీదవారైనా ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాలలో అది లేదు. ఒకే రాజధాని, ఒకే పంట. తేడా అంతా వడ్లు ఒకసారి ఉడికినవా లేదా అన్న దానిలో ఉన్నది.

మన వారు ఉప్పుడు బియ్యాన్ని ఎందుకు దూరం పెట్టారు? వాసన ఒకటి. ఒకసారి ఉడికినది మడికి పనికిరాదన్న ఆచారం మరొకటి. తెల్లగా ఉండదన్నది అన్నింటికంటె ముఖ్యం. ఇందులో ఒక వింత ఉన్నది. గోదావరి మండలాల మరలు ఏనాటినుంచో ఉప్పుడు బియ్యం తయారు చేస్తున్నాయి. దాళ్వాలో పండే బొండాల వంటి లావు రకాలను ఉడికించి, ఆడించి, కేరళకు పంపుతాయి. మలయాళీల కంచంలోకి పోయే అన్నం కోనసీమ కళ్ళాలలో ఎండుతుంది. కోనసీమవారు మాత్రం పచ్చిబియ్యమే వండుకుంటారు.

బెరిబెరి పెద్దవారిని మంచాన పడవేసేది. పసివారిని నిలువునా తీసుకొనిపోయేది. తల్లి ఆహారంలో బి1 లోపిస్తే ఆమె పాలలోనూ లోపిస్తుంది. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చును. రెండు మూడు నెలల బిడ్డ, ముందునాటి వరకు ఆడుకొన్న బిడ్డ, ఉన్నట్టుండి పాలు మానుతుంది. ఏడుస్తుంది గాని గొంతు పెగలదు. పెదవులు నీలమై కొన్ని గంటలలోనే ప్రాణం విడుస్తుంది. ఇక మన బాలింత పథ్యం సంగతి చూడండి. పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి. పప్పు వాతమనీ, ఆకుకూర చలువ అనీ మాన్పించేవారు. తల్లికి పప్పూ ఆకూ అన్నిటికంటె ఎక్కువ అవసరమైన రోజులలో అన్నం ఒక్కటే మిగిలేది. అట్టి మరణాలలో ఎన్ని బాలగ్రహాల లెక్కలోకి, ఎన్ని పక్షిదోషాల లెక్కలోకి పోయినవో ఇప్పుడు చెప్పగలవారు లేరు. సకాలంలో బి1 సూదిమందు ఇస్తే అటువంటి బిడ్డ గంటలలో తేరుకుంటుంది.

ఆ మందు తయారు కావడానికి కారకుడైనవాడు పుట్టినది నెల్లూరులో. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ బాప్టిస్టు మిషనరీల బిడ్డడు, 1886లో జన్మించాడు. బాల్యంలోనే స్వదేశం చేరి రసాయన శాస్త్రం చదివి, 1910లో మనిలాలో ఉద్యోగంలో ఉండగా, ఎడ్వర్డ్ వెడర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయం తెచ్చి, ఇందులో బెరిబెరిని పోగొట్టేదేదో తేల్చిపెట్టమని అతనిని కోరాడు. తేల్చడానికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. 1936లో విలియమ్స్ బి1 నిర్మాణాన్ని నిర్ణయించి, దానిని కృత్రిమంగా తయారుచేసి చూపాడు. పేటెంటు ఆదాయంలో అధిక భాగాన్ని పోషకాహార లోపాల పరిశోధనకు ఒక నిధిగా ఏర్పరచాడు. ఫిలిప్పీన్సులోని బటాన్‌లో 1948 ప్రాంతంలో బి1 చేర్చిన బియ్యాన్ని ప్రజలకు పంచి చూడగా, బెరిబెరి మరణాలు బాగా తగ్గిపోయాయి. మన తీరంలోనూ ఆహారంలో వైవిధ్యం పెరిగి, మందులు అందుబాటులోకి వచ్చిన కొద్దీ ఆ వ్యాధి మరుగుపడింది.

ఈ విలియమ్స్ తమ్ముడు రోజర్ 1893లో ఉదకమండలంలో పుట్టాడు. అతడూ విటమినుల శాస్త్రజ్ఞుడే. 1941లో అతడూ అతని సహచరులూ నాలుగు టన్నుల పాలకూరను మరిగించి, వడగట్టి, ఒక క్రొత్త పదార్థాన్ని స్వల్పంగా రాబట్టారు. లాటిను భాషలో ఆకును తెలిపే మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అంతకు పదేళ్ళ క్రితమే లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి నూలుమిల్లుల గర్భిణీ స్త్రీలలో తీవ్రమైన రక్తహీనతను చూచి, ఈస్టు సారం తినిపించి నయం చేశారు. ఆ సారంలో పనిచేసినదీ ఈ పదార్థమే. అయితే ఆకుల నుంచి తీసి ప్రజలకు పంచడం అయ్యే పని కాదు. దానిని కృత్రిమంగా తయారుచేసినవారు 1945లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాల శాస్త్రజ్ఞులు. వారికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు జన్మస్థానం భీమవరం. రాజోలు నుంచి వసిష్ఠ దాటితే అది పొరుగు సీమయే. 1895లో జన్మించిన ఆయన యౌవనంలో ఇద్దరు సోదరులను కొద్దిరోజుల ఎడంలో పోగొట్టుకొన్నారు. స్ప్రూ అనే ఆ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు. గ్రహణి విరేచనాలు, నోటిపూత, పాలిపోవడం. అదే వ్యాధి ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆ స్ప్రూ రోగులకే 1945 తరువాత ఫోలిక్ ఆమ్లం మందు అయింది. 1948లో మరణించిన ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన బృందమే కనిపెట్టిన మరొక మందు హెట్రజాన్ బోదకాలు వ్యాధికి వాడతారు. బోదకాలు ఏమిటో గోదావరి డెల్టావారికి వివరించనక్కరలేదు.

ఫోలిక్ ఆమ్లం విలువ గర్భం నిలిచిన తొలి వారాలలో మరీ ఎక్కువ. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతి కూడా తెలిసి ఉండదు. శిశువు వెన్నుపాము సక్రమంగా మూసుకోక కలిగే వైకల్యం ఒక కాన్పులో వచ్చిన తల్లులకు, మరుసటి గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, అది మళ్ళీ రావడం నూటికి 72 పాళ్ళు తగ్గిందని 1991లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చింది. గర్భిణులకు ప్రభుత్వాసుపత్రులలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఇది 500 మైక్రోగ్రాములు ఉంటుంది.

ఆకుకూరల విషయంలో కోనసీమ కొరత లేనిది. తోటకూర, బచ్చలి, గోంగూర, పొన్నగంటి, అవిస, మునగ. పెరడు ఉన్నవానికి కొన్ననిదే దొరికేవి. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నది. విటమిన్ ఎ గా మారే కెరొటిన్ నూరు గ్రాముల మునగాకులో 6,780 మైక్రోగ్రాములు, తోటకూరలో 5,520, చామాకులో 10,278 ఉన్నట్లు పైన చెప్పిన పట్టికలే చూపుతున్నాయి. కోనసీమకు పేరు తెచ్చిన కొబ్బరికాయలో అది సున్న. రేచీకటితో మొదలై కంటిపాపను కరిగించే లోపం కొబ్బరితోటల నీడనున్న పిల్లవానికి కూడా రావచ్చును. 1970 నుంచి మన దేశంలో చిన్నపిల్లలకు ఆరునెలల కొకసారి విటమిన్ ఎ ద్రవం పోయడం మొదలైంది కూనూరు నుంచి వచ్చిన ఆ సంస్థ పరిశోధనల ఫలితంగానే. అయితే కొబ్బరి వ్యర్థం కాదు. కెరొటిన్ ఒంటబట్టడానికి కొవ్వు కావాలి; తోటకూరలో కోరివేసిన కొబ్బరి ఆ పని చేస్తుంది. ఆకును ఉడికించి నీరు పారబోసే వంట మాత్రం కుడితి తొట్టికి పెట్టే మరొక కానుక. ఫోలిక్ ఆమ్లం ఆ నీటితోనే పోతుంది.

ఏ ఆకులోనూ లేనిది బి12. అది చేపలో, గుడ్డులో, మాంసంలో, కొంత పాలలో ఉంటుంది. సముద్రపు టంచున ఉన్నవారికి అది సమస్య కాదు. పాలు కూడా మానిన శాకాహారికి సమస్యే. బి12 లోపించినవాడు ఫోలిక్ ఆమ్లం మాత్రమే మింగుతూ పోతే రక్తం బాగుపడినట్లు కనిపించి, లోపల నరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కొని మాత్రలు మింగేవారు ఇది గమనించాలి.

2021 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం పథకాల ద్వారా ఇచ్చే బియ్యంలో పోషకాలు చేర్చుతామని ప్రకటించింది. 2024 మార్చి నాటికి చౌకదుకాణాల బియ్యమంతా అటువంటిదే అయింది. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, మళ్ళీ బియ్యపుగింజ ఆకారంలో పోతపోసి, మామూలు బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున కలుపుతారు. నెల్లూరు బిడ్డడు రాబర్ట్ మనిలాలో మొదలుపెట్టినదీ, తమ్ముడు పేరు పెట్టినదీ, భీమవరం బిడ్డడు ప్రయోగశాలలో తయారుచేయించినదీ కలిసి ఆ విధంగా సర్కారు తీరానికి గోనెసంచులలో తిరిగి వచ్చాయి. విధిగా చేర్చవలసిన ఆ మూడింటిలో బి1 లేదు. ఇష్టమున్నవారు చేర్చుకోవచ్చునన్న జాబితాలో మాత్రం దానికి చోటు దక్కింది.

ఈ పోతగింజలు తక్కిన బియ్యంలో కాస్త వేరు రంగుతో కనిపిస్తాయి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి. అది చూచి ప్లాస్టిక్ బియ్యం కలిపారన్న పుకారు పల్లెలలో పుట్టింది. ఇల్లాళ్ళు కొందరు ఆ గింజలను చేటలో పోసుకొని, రాళ్ళతో పాటు ఒక్కొక్కటే ఏరి, పెరటిలోని కోళ్ళకు వేశారు.